ఇంగ్లిష్ టెన్సులు: తెలుగువాళ్లకు తరచుగా వచ్చే ప్రశ్నలు

సాయంత్రం పూట పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటాను. వచ్చేవాళ్లలో ఇంటర్వ్యూలకు తిరిగే కుర్రాళ్లుంటారు, షాపు నడిపేవాళ్లుంటారు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లబోయే అమ్మానాన్నలుంటారు. చాలామంది నాలాగే తెలుగు మీడియంలో చదివినవాళ్లు. టెన్సుల పట్టిక అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్తారు. నోరు తెరిచి మాట్లాడమంటేనే టెన్షన్. వాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. పైకి చదువుకోవడానికి వీలుగా ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే రాశాను.

పన్నెండు టెన్సులూ నేర్చుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఒక రోజంతా మీ ఆఫీసులోనో ఫోన్లోనో వినిపించే ఇంగ్లిష్ గమనించండి. సింపుల్ ప్రెజెంట్ ("ఐ గో"), ప్రెజెంట్ కంటిన్యువస్ ("ఐ యామ్ గోయింగ్"), సింపుల్ పాస్ట్ ("ఐ వెంట్"), ప్రెజెంట్ పర్ఫెక్ట్ ("ఐ హావ్ గాన్"), "విల్" పెట్టి చెప్పేవి, ఈ ఐదింటితోనే దాదాపు పని గడిచిపోతుంది. అప్పుడప్పుడు "హావ్ బీన్ డూయింగ్", "వాజ్ డూయింగ్", "హాడ్ డన్" కావాలి. "ఐ విల్ హావ్ బీన్ వర్కింగ్" లాంటివి నేను పాఠం చెప్పేటప్పుడు తప్ప వాడిన గుర్తు లేదు.

నిజానికి ఇంగ్లిష్ క్రియకు సొంతంగా ఉన్న కాలరూపాలు రెండే: "గో", "వెంట్". భవిష్యత్తు కోసం ప్రత్యేకమైన రూపం లేదు, "విల్" అనే మాటను పక్కన తెచ్చి పెట్టుకుంటారు. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు "కోరుకోవడం" అని అర్థం.

పట్టికంతా నోటికి వచ్చు. అయినా మాట్లాడేటప్పుడు తప్పులెందుకు వస్తున్నాయి?

మీకు తెలివి లేక కాదు. తెలుగులో ఒక్క రూపంతో చెప్పేదాన్ని ఇంగ్లిష్ రెండుగా చీల్చి చెప్తుంది. మనవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఆ చీలిక దగ్గరే.

"రోజూ గుడికి వెళ్తాను", "రేపు గుడికి వెళ్తాను". రెండింట్లోనూ "వెళ్తాను" అనే అన్నాం. ఇంగ్లిష్‌లో మొదటిది "ఐ గో", రెండోది "ఐ విల్ గో". అలాగే "వాడు నిన్న వచ్చాడు" అంటే "హి కేమ్". "అదిగో, వాడు వచ్చాడు" అంటే "హి హాజ్ కమ్". మనకు రెండు చోట్లా "వచ్చాడు" సరిపోతుంది. "ఇప్పుడు చూస్తున్నాను", "గంట నుంచి చూస్తున్నాను" కూడా అంతే. మొదటిది "ఐ యామ్ వాచింగ్", రెండోది "ఐ హావ్ బీన్ వాచింగ్".

వెళ్తాను, వచ్చాడు, చూస్తున్నాను. ఈ మూడు రూపాల దగ్గర ఒక్క క్షణం ఆగడం అలవాటైతే సగం పైగా తప్పులు పోతాయి. పట్టికలో పైనుంచి కిందికి పోవడం కంటే ఈ దారి దగ్గర.

ఇంకో సంగతి. మన వ్యాకరణం భూత, వర్తమాన, భవిష్యత్తులతో ఆగలేదు, తద్ధర్మం అని నాలుగోదాన్ని కూడా చెప్పింది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు", "ఆవు గడ్డి తింటుంది" లాంటి స్వభావాలు, అలవాట్లు, ఎప్పటికీ నిజమైనవి అందులోకి వస్తాయి. ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్ చేసే ముఖ్యమైన పని ఇదే. దానికి "ప్రెజెంట్" అని పేరు పెట్టి మనల్ని తికమక పెట్టారు గానీ, తద్ధర్మం అనుకుంటే ఒక్క దెబ్బకు అర్థమవుతుంది.

"మా అబ్బాయి వంకాయ తినడు" అనడానికి "వోంట్ ఈట్" అంటే తప్పా?

తప్పు కాదు, అర్థం మారుతుంది. "తినడు" అనేదీ చీలికలో పడే మాటే. అలవాటుగా తినడు అనాలంటే "మై సన్ డజంట్ ఈట్ బ్రింజాల్". "వోంట్ ఈట్" అంటే వాడు ససేమిరా అంటున్నాడని, మొండికేశాడని వినిపిస్తుంది. "మా ఆయన కాఫీ తాగరు" అని చెప్పబోయి "మై హస్బెండ్ వోంట్ డ్రింక్ కాఫీ" అంటే, పాపం ఆయన కాఫీ మీద అలిగినట్టుంటుంది.

"షీ గోస్"లో ఆ చివరి "ఎస్" ఎందుకు మర్చిపోతాం?

వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు అంటూ మనం ప్రతి మనిషికీ క్రియ చివర మారుస్తాం. ఇంగ్లిష్‌లో మార్చాల్సింది ఒక్క చోటే, "హి", "షీ", "ఇట్" దగ్గర. అందుకే అది జారిపోతుంది.

గౌరవం దగ్గర ఇంకో చిక్కు. "మా నాన్నగారు రోజూ వాకింగ్‌కి వెళ్తారు" అని బహువచనంలో అనుకుని "మై ఫాదర్ గో ఫర్ ఎ వాక్" అనేస్తారు. గౌరవమంతా మనసులో ఉంచుకుని "గోస్" అనండి. ఇంగ్లిష్‌లో నాన్నగారైనా, పాలవాడైనా ఒకరంటే ఒకరే.

"ఐ డిడ్ నాట్ వెంట్" ఎందుకు తప్పు? జరిగిపోయినదే కదా?

ఈ ప్రశ్నకు జవాబు తెలుగులోనే ఉంది. "వెళ్లాను" అనే మాటకు వ్యతిరేకం చెప్పండి. "వెళ్లానులేదు" అనరు, "వెళ్లలేదు" అంటారు. "లేదు" వచ్చి కూర్చోగానే "వెళ్లాను"లో ఉన్న భూతకాలం ఊడిపోయి "వెళ్ల" మిగిలింది. కాలం భారమంతా "లేదు" మోస్తోంది. "డిడ్ నాట్ గో" కూడా అచ్చం ఇంతే. భూతకాలాన్ని "డిడ్" మోస్తోంది కాబట్టి "వెంట్" మళ్లీ "గో" అయిపోయింది.

పైగా నేను, నువ్వు, వాడు, వాళ్లు, ఎవరైనా "వెళ్లలేదు" అనే అంటాం. ఇంగ్లిష్‌లోనూ అందరికీ "డిడ్ నాట్ గో" ఒక్కటే. ప్రశ్నలోనూ అదే లెక్క: "డిడ్ యూ గో?" "డజ్ షీ గో?" ఆ "ఎస్"ను "డజ్" లాగేసుకుంది కాబట్టి "డజ్ షీ గోస్" అనకూడదు.

"ఐ డిడ్", "ఐ హావ్ డన్" మధ్య తేడా ఏమిటి? ఎంత చదివినా పట్టు దొరకడం లేదు.

క్లాసులో ఎక్కువ సమయం తినేది ఇదే.

"ఐ లాస్ట్ మై కీస్" అంటే ఎప్పుడో తాళాలు పోగొట్టుకున్న సంగతి చెప్తున్నారు. తర్వాత దొరికి ఉండొచ్చు, వినేవాడికి తెలియదు. "ఐ హావ్ లాస్ట్ మై కీస్" అంటే తాళాలు ఇంకా దొరకలేదు, మీరు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. "హావ్" ఉందంటే ఆ పని తాలూకు ఫలితం ఇప్పటికీ చేతిలో ఉందని.

వాడుకలో దీనికి తెలుగు ఆసరా ఒకటుంది. మనం "తినేశాను", "వచ్చేశాడు", "అయిపోయింది" అనే చోట చాలాసార్లు "హావ్" నప్పుతుంది. "తినేశాను, ఇంక వద్దు" అంటే "ఐ హావ్ ఈటెన్". "ఎప్పుడైనా చార్మినార్ చూశారా?" అని అనుభవం గురించి అడిగేటప్పుడూ అంతే: "హావ్ యూ ఎవర్ సీన్ చార్మినార్?"

గట్టిగా పట్టుకోవాల్సిన నియమం మాత్రం ఒకటే. నిన్న, పోయిన వారం, 2019లో అంటూ అయిపోయిన సమయాన్ని చెప్పారంటే "హావ్" రాకూడదు. ఇంటర్వ్యూలో నూటికి తొంభై మంది నోట వచ్చే వాక్యం చూడండి: "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019". సంవత్సరం చెప్పారు కాబట్టి "ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019" అనాలి. సంవత్సరం తీసేస్తే "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్" నిక్షేపంగా ఉంటుంది. "ఎప్పుడు" అని అడిగేటప్పుడు కూడా సమయం గురించే కదా, "వెన్ హావ్ యూ కమ్?" కాదు, "వెన్ డిడ్ యూ కమ్?"

పనిలో పనిగా, "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019" అని విదేశాల వాళ్ల ముందు అనకండి. స్పృహ తప్పి పడిపోయారేమో అనుకుంటారు. "గ్రాడ్యుయేటెడ్" అంటే చాలు.

"ఐదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను" ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

"ఉంటున్నాను" వినగానే "ఐ యామ్ స్టేయింగ్" అనీ, "నుంచి" వినగానే "సిన్స్" అనీ నోటికి వచ్చేస్తుంది. "ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" ఇలాగే పుడుతుంది. అనాల్సింది: "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్".

అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తున్న పనికి "హావ్ బీన్" వాడాలి. "నుంచి"కి ముందు ఉన్నది లెక్క అయితే "ఫర్", మొదలైన చోటు అయితే "సిన్స్". ఐదేళ్లు, మూడు రోజులు, రెండు గంటలు లెక్కలు. 2019, సోమవారం, పొద్దున, పెళ్లైనప్పుడు మొదలైన చోట్లు. డాక్టరుతో "మూడు రోజుల నుంచి జ్వరం" అని చెప్పాలంటే "ఐ హావ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్". "సోమవారం నుంచి" అయితే "సిన్స్ మండే".

మా క్లాసులో ఒకావిడ మొదటిరోజు పరిచయం చేసుకుంటూ "ఐ వాజ్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్" అన్నారు. పెళ్లయి పదేళ్లయిందని ఆవిడ ఉద్దేశం. ఆ మాటకు మాత్రం పదేళ్లు కాపురం చేశాను, ఇప్పుడు లేదు అని అర్థం వస్తుంది. వాళ్లాయన వెనక బెంచీలోనే కూర్చున్నారు! "ఐ హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్" అని మార్చాక ఇద్దరూ తెగ నవ్వారు.

"ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంటే ఏం తప్పు?

పని జరుగుతూ ఉంటే "ఇంగ్". అన్నదమ్ములు ఉండటం పని కాదు, స్థితి. "ఐ హావ్ టూ బ్రదర్స్". "ఐ యామ్ హావింగ్ లంచ్" మాత్రం సరైనదే, అక్కడ తింటున్నారు కాబట్టి.

మనకూ ఈ తేడా ఉంది. "అతను నాకు తెలుసు" అంటాం, "తెలుస్తున్నాడు" అనం. తెలుసు, కావాలి, ఇష్టం, వీటికి "తున్నా" అంటదు. ఇంగ్లిష్‌లో "నో", "వాంట్", "లైక్" కూడా అంతే. చిక్కంతా మనం "తున్నా" పెట్టి వాళ్లు పెట్టని చోట వస్తుంది. "అర్థమవుతోంది" అంటే "ఐ అండర్‌స్టాండ్". "నమ్ముతున్నాను" అంటే "ఐ బిలీవ్". ఆన్‌లైన్ మీటింగ్‌లో "వినిపిస్తోందా?" అనడానికి "ఆర్ యూ హియరింగ్ మీ?" కాదు, "కెన్ యూ హియర్ మీ?" అనాలి.

"హాడ్" ఎప్పుడు వాడాలి?

మీరు అనుకునేదానికంటే తక్కువ. "నిన్న తిరుపతి వెళ్లాను" అనడానికి "ఐ హాడ్ గాన్ టు తిరుపతి యెస్టర్‌డే" అంటారు చాలామంది. "హాడ్" ఉంటే ఏదో బరువుగా, చదువుకున్నట్టు ఉంటుందని మనవాళ్లకు ఒక భ్రమ. "ఐ వెంట్" చాలు. "హాడ్" విన్నవాడు, "ఊఁ, ఆ తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తాడు.

ఎందుకంటే "హాడ్" పని వేరు. జరిగిపోయిన రెండు సంగతుల్లో ఏది ముందు జరిగిందో చూపడానికి వాడాలి. "నేను బస్టాండ్‌కి వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది": "వెన్ ఐ రీచ్డ్ ది బస్ స్టాండ్, ది బస్ హాడ్ లెఫ్ట్". ఇక్కడ "హాడ్" తీసేసి "ది బస్ లెఫ్ట్" అంటే, మీరు వచ్చాకే బస్సు బయల్దేరినట్టు. అంటే మీరు ఎక్కి ఉండొచ్చు! ఒక్క చిన్న మాట మిమ్మల్ని బస్సు ఎక్కిస్తుంది, దించేస్తుంది.

"వాడు వస్తానన్నాడు" చెప్పబోతే ఎందుకు గందరగోళం అవుతుంది?

దీంతో నాకు బాగానే దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలుగు రాని మేనేజర్ ఫోన్ చేసి, క్లయింట్ దగ్గరికి రేపు ఎవరు వెళ్తున్నారని అడిగారు. మా టీంలో అబ్బాయి తాను వెళ్తానని అప్పటికే చెప్పాడు. నేను ధైర్యంగా "హి సెడ్ ఐ విల్ గో టుమారో" అన్నాను. "గుడ్" అని పెట్టేశారు. ఆ రాత్రి టికెట్ నా పేరు మీద వచ్చింది.

"వాడు వస్తానన్నాడు" అనేటప్పుడు మనం వాడి నోటి మాటను ఉన్నదున్నట్టు ఎత్తి "అని"తో అతికిస్తాం. ఆ "ను" వాడిదే, నాది కాదని ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తులు లేకుండా "ఐ" అంటే మాట్లాడుతున్నవాడే. అందుకని మనిషినీ మార్చాలి, కాలాన్నీ ఒక మెట్టు వెనక్కి జరపాలి: "హి సెడ్ హి వుడ్ కమ్". "ఆకలేస్తోందంది" అంటే "షీ సెడ్ షీ వాజ్ హంగ్రీ". వాడు వచ్చే సమయం ఇంకా కాలేదంటే "హి సెడ్ హి విల్ కమ్" అన్నా ఫర్వాలేదు. "హి" మాత్రం తప్పనిసరి. నా టికెట్ సాక్షి.

"ఇఫ్ యూ విల్ కమ్, ఐ విల్ టెల్" తప్పా?

మామూలుగా తప్పే. "వస్తే చెప్తాను" అనేటప్పుడు "వస్తే"లో ఏ కాలముంది? ఏదీ లేదు. కాలం చివర "చెప్తాను"లో ఉంది. ఇంగ్లిష్ కూడా ఒక్కచోటే "విల్" పెడుతుంది: "ఇఫ్ యూ కమ్, ఐ విల్ టెల్ యూ". "వచ్చాక", "వచ్చినప్పుడు", "వచ్చేదాకా", వీటన్నిటికీ ఇదే పద్ధతి: "ఐ విల్ వెయిట్ టిల్ హి కమ్స్".

"ఎప్పుడు వస్తాడో తెలియదు"లో మాత్రం "వస్తాడు" అని పూర్తి క్రియ ఉంది చూడండి. అందుకే అక్కడ "విల్" ఉంటుంది: "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్". ఇక "వచ్చి ఉంటే చెప్పేవాణ్ణి" అంటే రానేలేదు, అవకాశం దాటిపోయింది: "ఇఫ్ యూ హాడ్ కమ్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యూ".

రేపటి సంగతికి "ఐ యామ్ గోయింగ్" అనొచ్చా?

హాయిగా. "రేపు విజయవాడ వెళ్తున్నాను" అని మనమూ అంటాం కదా. ముందే ఖాయం చేసుకున్నదానికి "ఐ యామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో". అప్పటికప్పుడు అనుకున్నదానికి "విల్": ఫోన్ మోగింది, "ఐ విల్ గెట్ ఇట్". టైంటేబుల్ ప్రకారం జరిగేదానికి "ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్". "వెళ్దామా?" అంటే "షల్ వీ గో?"

"చిన్నప్పుడు చెరువులో ఈత కొట్టేవాళ్లం", దీనికి ఏ టెన్స్?

పట్టికలో వెతక్కండి, దొరకదు. "వీ యూజ్డ్ టు స్విమ్ ఇన్ ది ట్యాంక్". కొట్టేవాళ్లం, చదివేవాణ్ణి, పాడేది, ఈ రూపాలన్నిటికీ "యూజ్డ్ టు" చక్కగా కుదురుతుంది. ఇప్పటి అలవాటుకు మాత్రం వాడకండి. "ఐ యూజ్ టు గెటప్ ఎట్ ఫైవ్" అని రోజూ లేచేవాళ్లు అంటుంటారు, అక్కడ "ఐ గెటప్ ఎట్ ఫైవ్" అనాలి.

వీ-వన్, వీ-టూ, వీ-త్రీ ("గో, వెంట్, గాన్" లాంటి క్రియ మూడు రూపాలు) లిస్టు బట్టీ పట్టాలా?

వరసగా బట్టీ పడితే పదిరోజుల్లో పోతుంది. "రా"కి భూతకాలం "వచ్చాను", "ఇవ్వు"కి "ఇచ్చాను", "తే"కి "తెచ్చాను". వీటిని మనకెవరూ లిస్టు రాసి నేర్పలేదు, చెవికి అలవాటయ్యాయి. అలాగే శబ్దాన్ని బట్టి గుంపులు కట్టుకోండి. "బాట్, బ్రాట్, థాట్, కాట్, టాట్" ఒక గుంపు. "సింగ్-సాంగ్-సంగ్, డ్రింక్-డ్రాంక్-డ్రంక్, స్విమ్-స్వామ్-స్వమ్" ఇంకోటి. "కట్, పుట్, హిట్, షట్" అసలు మారవు. "రీడ్" స్పెల్లింగ్ మారదు గానీ భూతకాలంలో "రెడ్" అని పలకాలి.

మామూలు క్రియల చివర వచ్చే "ఈడీ" ఎప్పుడూ "ఎడ్" కాదు. "కుకెడ్", "వాషెడ్" అనకండి, "కుక్‌ట్", "వాష్‌ట్". "ప్లేడ్", "క్లీన్‌డ్" అన్నప్పుడు "డ్". "టీ", "డీ" శబ్దంతో ముగిసే వాటికే అదనంగా ఒక అక్షరం వినిపిస్తుంది: "వాంటిడ్", "నీడిడ్".

అమెరికాలో మా మనవరాలు "ఐ ఆల్రెడీ ఏట్" అంటోంది. "హావ్ ఈటెన్" అనాలి కదా?

తాతగారూ, మనవరాలిని దిద్దకండి. "జస్ట్", "ఆల్రెడీ", "యెట్" ఉన్న చోట బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా "హావ్" వాడతారు, అమెరికాలో మామూలు భూతకాలంతో సరిపెట్టేస్తారు. "డిడ్ యూ ఈట్ యెట్?" అక్కడ రోజూ వినిపించే మాట. మన బళ్లలో చెప్పేది బ్రిటిష్ పద్ధతి కాబట్టి మీకు అలా అనిపించింది.

ప్రాక్టీస్ ఎలా చేయాలి? తెలుగులో ఆలోచించడం మానేయాలా?

మానేయమంటే ఎవరు మానగలరు? తెలుగులోనే అనుకోండి, క్రియ దగ్గర మాత్రం ఆగండి. నేను చేయించేది ఇది. పడుకునే ముందు ఆ రోజు మీరు నిజంగా అన్న తెలుగు మాటలు ఓ ఐదు కాగితం మీద రాయండి. "పాలు పొంగిపోయాయి", "కరెంటు ఎప్పుడొస్తుందో", "ఇందాకటి నుంచి పిలుస్తున్నా, వినపడదా?" లాంటివి. ఒక్కోదాని క్రియ కింద గీత గీసి, అది అలవాటా, రేపటిదా, అయిపోయి ఊరుకున్నదా, అయిపోయి ఫలితం మిగిలినదా, ఇంకా నడుస్తున్నదా చూసుకుని పక్కన ఇంగ్లిష్ రాయండి. పాలు పొయ్యి మీద ఇంకా కారుతుంటే "ది మిల్క్ హాజ్ బాయిల్డ్ ఓవర్". తుడిచేశాక, రాత్రి అత్తగారికి ఫోన్లో చెప్తుంటే "ది మిల్క్ బాయిల్డ్ ఓవర్ దిస్ మార్నింగ్".